పాత బండీ – ఆప్తవాక్యమూ

పెళ్ళి సంబంధం విచారించడానికీ, పాత బండి కొనడానికీ చాలా పోలికలున్నాయి. రెండింటిలోనూ మధ్యవర్తులుంటారు. రెండింటిలోనూ రంగు చూచి మోసపోయేవారుంటారు. రెండింటిలోనూ అసలు సంగతి ఇంటికి తెచ్చుకున్నాక గాని బయటపడదు. అయితే సంబంధాలు విచారించడంలో మనవాళ్ళకు తరతరాల అనుభవం ఉంది. బండ్లు విచారించడంలో అంతటి అనుభవం లేదు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు బొత్తిగా లేదు. అయినా 2022 జూన్‌లో ఆ పని నా నెత్తిన పడింది.

మా అక్కయ్యది కడియం దగ్గర ఒక పల్లె. బావగారు పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు. డిగ్రీ ప్యాసై, రెండేళ్ళు ఉద్యోగాల కోసం చెప్పులరగదీసి, చివరకు కడియపులంకలో మొక్కలు తోలే బండి మీద డ్రైవరుగా కుదిరాడు. కడియపులంక సంగతి చదువరులకు తెలిసే ఉంటుంది. రాజమహేంద్రవరం దాటి హైవే మీద దక్షిణంగా వస్తూంటే దారికిరువైపులా కనిపించే పూలతోటలూ, నర్సరీలూ అవే. అక్కడి మొక్క ఏ రాష్ట్రం వెళ్ళాలన్నా బండి ఎక్కవలసిందే. అంచేత బండివాడికి అక్కడ పని కరువు లేదు.

"ఒకడి బండి ఎన్నాళ్ళు తోలను మావయ్యా? సొంతంగా ఒక పాత బండి కొనుక్కుంటే అమ్మను కూర్చోబెట్టి పోషిస్తాను" అన్నాడు మేనల్లుడు.

డబ్బు లెక్క చూచాం. అక్కయ్య పోస్టాఫీసులో దాచుకున్నది లక్షన్నర. చేతికున్న నాలుగు గాజులూ బ్యాంకులో పెడితే రెండు లక్షలు. వెరసి మూడున్నర లక్షలు. గాజులు తీసి కొంగున కట్టుకుంటూ అక్కయ్య అన్నది గదా:

"ఇది పోతే మళ్ళీ కూడబెట్టే ఓపిక నాకు లేదురా తమ్ముడూ! నువ్వు చదువుకున్నవాడివి. నాలుగు చోట్ల విచారించి, ఏది మంచిదో నువ్వే చెప్పు."

నేను చదువుకున్న చదువులో చంపకమాలకు గణాలెన్నో ఉంది గాని, డీజిలు ఇంజనుకు సిలిండర్లెన్నో లేదు. ఆ మాట ఆ సమయంలో అక్కయ్యతో ఎలా అనను?

ఈ చిన్న బండ్ల కథ మరీ పాతదేమీ కాదు. ఒకప్పుడు సరుకు తోలాలంటే లారీ అయినా ఉండాలి, మూడు చక్రాల ట్రాలీ ఆటో అయినా ఉండాలి. మధ్యరకం బండ్లు తక్కువ. 2005లో టాటావారు ఏస్ అనే బుల్లి నాలుగు చక్రాల బండిని రెండు సిలిండర్ల డీజిలు ఇంజనుతో బజారులోకి తెచ్చారు. ఉత్తరాదివారు దాన్ని ఛోటా హాథీ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఇప్పుడు మహీంద్రావారివి, అశోక్ లేలాండ్‌వారివి, ఇంకా కొందరివి, తూకానికో రకం బండ్లున్నాయి. ఇక మీదట నేను చెప్పబోయేవి ఏ కంపెనీవో మాత్రం చెప్పను. ఎంచేతంటే, నాకు తెలిసివచ్చిన సంగతికి కంపెనీ పేరుతో నిమిత్తం లేదు.

సరే, ఒక నోటుపుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరాను. రైతుబజారు ముందు స్టాండులో బండ్లు వరసగా ఆగి ఉంటాయి. ఒక్కొక్క యజమానినీ పలకరించి, "మీ బండి ఎలా ఉందండీ?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మూడు ఆదివారాలలో పదకొండుమంది అయ్యారు. అందులో తొమ్మిదిమందివి ఒకే రకం చిన్న బండ్లు. తొమ్మిదిమందీ తమ బండిని మహలక్ష్మి అన్నారు. "నాలుగేళ్ళయిందండీ, బోల్టు విప్పలేదు" అన్నాడొకాయన. మిగతా ఇద్దరిలో ఒకాయన తన పెద్ద బండిని గంటసేపు శాపనార్థాలు పెట్టాడు. ఇంక సందేహమేముంది? అనుభవించినవాడి మాటకంటే సాక్ష్యమేం కావాలి? చిన్న బండే కొనమని చెప్పేద్దామనుకున్నాను.

మన తార్కికులు నిజం తెలుసుకోవడానికి నాలుగు దారులు చెప్పారు: కంటితో చూడటం ప్రత్యక్షం, గుర్తును బట్టి ఊహించడం అనుమానం, పోల్చి తెలుసుకోవడం ఉపమానం, నమ్మదగినవాడి మాట శబ్దం. మన తెలుగు నేల మీద పుట్టిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో పిల్లలకు సైతం బోధపడేటట్టు తర్కసంగ్రహంలో వీటిని వివరించాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. ఆయన మాటే ప్రమాణం. నాకు తొమ్మిదిమంది ఆప్తులు దొరికారు గదా అని మురిసిపోయాను.

ఆ మురిపెం మర్నాడు కాలేజీ స్టాఫురూములో తీరిపోయింది. మా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే మిత్రుడొకాయన ఉన్నాడు. నోటుపుస్తకం చూపించాను. పేజీలు తిరగేసి, "బాగుంది మేస్టారూ! ఇంతకీ వీళ్ళందరినీ ఎక్కడ అడిగారు?" అన్నాడు.

"ఎక్కడేమిటి? బండ్ల స్టాండులో."

"స్టాండులో ఎవరుంటారు?"

"బండ్లున్నవాళ్ళు."

"మరి బండి మూలపడి, అప్పు తీర్చలేక అమ్ముకున్నవాడు స్టాండుకెందుకు వస్తాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన టీ చల్లారనిచ్చి మరీ ఒక సంగతి చెప్పాడు. సి. ఆర్. రావుగారి పేరు వినే ఉంటారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ అభ్యసించి, ప్రపంచమంతా పేరు తెచ్చుకుని 2023లో నూటరెండేళ్ళ వయసులో మరణించిన మహానుభావుడు. ఆయన వేర్వేరు ఊళ్ళలో క్లాసుల్లో మగపిల్లలను, "నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెంతమంది? అక్కచెల్లెళ్ళెంతమంది?" అని అడిగేవారట. లెక్క కడితే ఎక్కడైనా సరే అన్నదమ్ములే ఎక్కువ తేలేవారు. అలాగని దేశంలో ఆడపిల్లలే పుట్టడం లేదని అర్థమా? కాదు. అడిగింది మగపిల్లల్ని, అందరూ ఆడపిల్లలే ఉన్న ఇల్లు ఆ లెక్కలోకి రానే రాదు. పిల్లలు అబద్ధం చెప్పలేదు. అడిగిన చోటే లెక్కను ఒక పక్కకు ఒరిగించింది.

"మీ తొమ్మిదిమందీ నిజమే చెప్పారు. మీకు కనబడనివాళ్ళేం చెబుతారో అది కూడా కనుక్కోండి" అన్నాడు మిత్రుడు.

కనబడనివాళ్ళు ఎక్కడ కనబడతారు? మెకానిక్కు షెడ్డులో. హైవే పక్కన ఒక పాత షెడ్డుంది. ఆ మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నాడు. అక్కడ రెండు సాయంత్రాలు కూర్చున్నాను. వింతేమిటంటే, అక్కడ ఏ బండిని చూచినా పనికిమాలిందే అనిపించింది! ఆలోచిస్తే అదీ సబబే. ఆస్పత్రి వరండాలో కూర్చుంటే ఊరందరూ రోగులే అనిపిస్తుంది. స్టాండులో ఆరోగ్యవంతులు, షెడ్డులో రోగులు. నిజం ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది.

నా గోడు విని మేస్త్రి నవ్వాడు. "మీరడిగిన ప్రశ్నలోనే ఉందండి తిరకాసు. 'బండి ఎలా ఉంది' అంటే 'మీ అబ్బాయి ఎలాంటోడు' అని అడిగినట్టండి. బంగారమంటాడు గాని, ఏ తండ్రైనా వెధవంటాడా? అప్పుచేసి కొన్న బండండి. దాన్ని తప్పంటే తన్ను తాను తిట్టుకున్నట్టే."

మరేమని అడగాలి? ఆయన చెప్పినవీ, నా మిత్రుడు చేర్చినవీ కలిపి ఒక చీటీ రాసుకున్నాను. చదువరులకు ఉపయోగపడవచ్చు గనక ఇక్కడ ఇస్తున్నాను. కిందటి సంవత్సరంలో బండి ఎన్ని రోజులు కదలకుండా ఆగింది? ఆఖరిసారి ఏ సామానుకు డబ్బు కట్టారు, ఎంత? ఏం సరుకు వేస్తారు, ఎంత బరువు, ఏ దారిన? మీరే తోలతారా, జీతగాడు తోలతాడా? ఆయిలు ఎప్పుడు మార్చారు? సామాను ఇక్కడే దొరుకుతుందా, విజయవాడ ఆటోనగర్ దాకా పోవాలా? ఇంకా, ఇంతకుముందు ఇదే రకం కొని అమ్మేసిన వారెవరైనా మీకు తెలుసా? ఈ ఆఖరు ప్రశ్న అన్నిటికంటె ముఖ్యం. స్టాండులో లేనివాళ్ళ చిరునామాలు స్టాండులోనే దొరుకుతాయి.

చీటీ పట్టుకుని మళ్ళీ మొదటికి వచ్చాను. ఇంతకు ముందు "ఎలా ఉంది" అంటే కవిత్వం చెప్పినవాళ్ళు, ఇప్పుడు లెక్కలు చెప్పారు. బోల్టు విప్పలేదన్న పెద్దమనిషి, "రోజులంటారా... మొన్న శ్రావణంలో ఓ వారం, సంక్రాంతికి ముందు నాలుగు రోజులు" అని వేళ్ళు మడిచాడు. ఆయనకు అబద్ధమాడే ఉద్దేశం లేదు. ఇలా అడిగితే జ్ఞాపకం వచ్చింది, అంతే.

సరుకు ప్రశ్న దగ్గర అసలు గుట్టు బయటపడింది. మెచ్చుకున్న తొమ్మిదిమందిలో ఒకరు మరమరాల బస్తాలు వేస్తారు, ఒకరు పరుపులు, ఒకరు ప్లాస్టిక్ బిందెలు, ఇంకొకరు ఖాళీ అట్టపెట్టెలు. చూపుకు కొండంత, తూకానికి గోరంత! అదే రకం బండి కొని అమ్ముకున్నవారు ముగ్గురు దొరికారు. ఒకాయన ఇటుకలు తోలాడు. ఒకాయన కొబ్బరికాయలు. ఒకాయన సిమెంటు. ముగ్గురికీ రెండేళ్ళలోపలే కమాను పట్టీలు విరిగి, క్లచ్చులు కాలి, బండ్లు చేతులు మారాయి. బండి ఒకటే, మోసిన మోత వేరు.

"మనకేం భయం లేదు మావయ్యా! మనవి మొక్కలే గదా, తేలిక" అన్నాడు మేనల్లుడు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు తోలేది మొక్కలు కాదబ్బాయ్, మట్టి."

అంతవరకూ మాకా ఊహే రాలేదు. గులాబీ మొక్క బరువెంత? నిజమే, ఏమీ లేదు. కాని దాని వేరు చుట్టూ ఉన్న సంచెడు తడిమన్ను సంగతో? లీటరు నీళ్ళు కిలో తూగితే, లీటరు తడిమన్ను కిలోన్నర తూగుతుంది. ఆ పైన బయలుదేరే ముందు మొక్కలు వాడిపోకుండా నీళ్ళు కొట్టి మరీ ఎక్కిస్తారు. సరే, చూద్దామని మరునాడు వాడు తోలే యజమాని బండిని లోడుతో ఒకసారి, దింపాక ఒకసారి కాటా వేయించాం. తేడా పద్నాలుగు క్వింటాళ్ళు! నేను కొనిపించబోయిన చిన్న బండి రిజిస్ట్రేషను కాగితంలో లోడుతో మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసివేస్తే మిగిలింది ఎనిమిది క్వింటాళ్ళయినా లేదు. ఆ బండి మీద ఈ లోడు వేస్తే, ఆ ముగ్గురితో పాటు మా వాడు నాలుగోవాడయ్యేవాడు. అక్కయ్య గాజులు బ్యాంకులోనే ఉండిపోయేవి.

తొమ్మిదిమంది ఆప్తులు నిజం చెప్పారు. ఆ నిజం వాళ్ళ మోతకు నిజం. మన మోతకు కాదు. నేను మూడు ఆదివారాలు వెచ్చించి నేర్చుకున్న పాఠం ఇదే.

పదిహేను క్వింటాళ్ళ దాకా మోసే పాత బండ్ల కోసం వెతికాం. మేస్త్రిని వెంటబెట్టుకుని మూడు చూచాం.

మొదటిది తళతళలాడుతోంది. "మీరొస్తున్నారని కడిగి, స్టార్టు చేసి ఉంచామండీ" అన్నాడు మధ్యవర్తి. మేస్త్రి ఇంజను మీద చెయ్యి ఆనించి, "రేపు పొద్దున్నే వస్తాం. మేం వచ్చేదాకా తాళం తిప్పకండి" అన్నాడు. వేడి ఇంజను తన రోగం దాచుకుంటుందట. చల్లటి ఇంజనే నిజం చెబుతుందట. మర్నాడు పొద్దున అది పది మూలుగులు మూలిగి లేచింది. వెనక నీలం పొగ వదిలింది. పర్వతం మీద పొగను చూచి నిప్పును ఊహించడం తార్కికుల పాత ఉదాహరణ. మా మేస్త్రి పొగ రంగు చూచి కడుపులో సంగతి ఊహిస్తాడు. నల్లపొగ అయితే డీజిలు సరిగా మండటం లేదు, కొద్ది ఖర్చుతో పోవచ్చు. నీలం పొగ అయితే ఇంజను ఆయిలునే తాగుతోంది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు లోపలికి దిగుతున్నాయేమోనని అనుమానించాలి. ఇంజను నడుస్తూండగా ఆయిలు మూత విప్పించాడు. గుప్పుగుప్పున పొగ ఎగదన్నింది. "బ్యాక్ కంప్రెషన్ అండి. పదండి పోదాం" అన్నాడు.

రెండోదాని మీటరు అరవై వేల కిలోమీటర్లే చూపిస్తోంది. మేస్త్రి మీటరు వంక చూడనైనా చూడలేదు. బ్రేకు పెడలు మీది రబ్బరు చూచాడు, అరిగి అద్దమైపోయింది. కిందకు దూరి టార్చిలైటు వేసి నన్ను పిలిచాడు. వెనక కమానులో కంపెనీ ఇచ్చినవి కాక రెండు పట్టీలు అదనంగా ఉన్నాయి. ఛాసిస్ మీద వెల్డింగు అతుకు, దాని మీద కొత్త రంగు. "మోయరాని బరువు మోసిన బండండి" అన్నాడు. యజమాని నోరు అరవై వేలంది. బండి ఒళ్ళు మరో మాట చెప్పింది.

1970లో జార్జి ఎకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. ఆ దేశంలో పనికిమాలిన కారును నిమ్మకాయ అంటారు. మంచిదేదో నిమ్మకాయేదో కొనేవాడికి తెలియనప్పుడు, వాడు అన్నిటికీ మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండివాడు అమ్మనని ఇంటికి పోతాడు, నిమ్మకాయలవాడు మిగులుతాడు. ఈ పరిశోధనలకే 2001లో ఆయన నోబెల్ బహుమానం పంచుకున్నాడు. రెండు నిమ్మకాయలు చూచి ఇంటికి వస్తూ ఉంటే ఆ వ్యాసం నాకు చక్కగా బోధపడింది.

మూడోది చూపులకు అనాకారి. 2015 మోడలు. తలుపుకు సొట్ట, రంగు వెలిసింది. యజమాని అరవై దాటిన పెద్దమనిషి, స్వయంగా తోలుకుంటాడు. మోకాళ్ళు పట్టేశాయి గనక అమ్ముతున్నానన్నాడు. మేం అడగకుండానే, "క్లచ్చు ఆర్నెల్ల కంటె రాదండి, మార్చుకోవాలి. రెండో గేరు చలికాలం పొద్దున కాస్త మొరాయిస్తుంది" అన్నాడు. బిస్కట్ల డబ్బాలోంచి ఏడేళ్ళ రసీదుల కట్ట తీసి ముందు పెట్టాడు. ఆయిలు మార్చిన తేదీలు, టైర్లు, బ్యాటరీ, అన్నీ ఉన్నాయి. మేస్త్రి గంటసేపు చూచి, ఆ ముసలాయన చెప్పిన రెండు లోపాలు తప్ప మూడోది పట్టుకోలేకపోయాడు. తన సరుకులోని వంకను తానే చెప్పినవాణ్ణి అప్పుడు చూచాను. అన్నంభట్టు చెప్పిన ఆప్తుడు ఇతడే గదా అనుకున్నాను.

కాగితాల సంగతి కూడా రెండు ముక్కలు. బండి మీద ఫైనాన్సు బాకీ ఉంటే రిజిస్ట్రేషనులో రాసి ఉంటుంది. అది తీరినట్టు ఫైనాన్సువారి పత్రమూ, ఫారం 35 చేతికి రాకుండా డబ్బివ్వకూడదు. సరుకు బండికి ఫిట్‌నెసు ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏటేటా చేయించాలి; కొనేముందు అది ఎప్పటిదాకా ఉందో చూడాలి. పాత చలాన్లు ఏమైనా ఉన్నాయేమో కనుక్కోవాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని వెంటనే పేరు మార్పించాలి. ఇది అమ్మినవాడికీ మంచిదే. ఎంచేతంటే, ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమానిగా బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

బేరం మూడు లక్షల పదిహేను వేలకు కుదిరింది. మిగిలిన ముప్ఫై అయిదు వేలూ ఖర్చు పెట్టవద్దన్నాడు మేస్త్రి. "పాత బండి కొన్నవాడు చేతిలో పదోవంతు ఉంచుకోవాలండి. మొదటి ఆర్నెల్లలో అదే అడుగుతుంది" అన్నాడు. అలాగే అయిదో నెలలో క్లచ్చు పోయింది. ఆ డబ్బు అక్కరకు వచ్చింది. మరుసటి ఏడు తుని దగ్గర ముందు కమాను పట్టీ విరిగి రెండు రోజులు రోడ్డు మీద పడిగాపులు పడ్డాడు. అయినా బండి తన తిండి తాను తింటూ, ఇంటికింత పెడుతూ వచ్చింది. 2025 సంక్రాంతికి అక్కయ్య చేతికి రెండు గాజులు తిరిగివచ్చాయి. మిగతా రెండూ ఇంకా బ్యాంకులో ఉన్నాయి.

ఆ పండగకు వెళ్ళినప్పుడు జరిగిన ముచ్చట చెప్పి ముగిస్తాను. ఎవరో కుర్రవాడు నాలాగే విచారించడానికి వచ్చాడు. "బండి ఎలా ఉందండీ?" అని మా వాణ్ణి అడిగాడు.

"బంగారమండీ! రెండున్నరేళ్ళయింది, ఒక్క రోజు ఆగలేదు" అన్నాడు మేనల్లుడు, రెప్ప వాల్చకుండా.

నేను నిర్ఘాంతపోయాను. అక్కయ్య మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, గూట్లోంచి పద్దుల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. బండి కొన్న రోజు మొదలు ప్రతి ఖర్చూ, బండి ఇంటి ముందు నిలిచిపోయిన ప్రతి రోజూ అందులో రాసి ఉంది. లెక్క కట్టాను.

"ఒరేయ్, నలభై ఒక్క రోజులురా ఆగింది!"

"అవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు మావయ్యా?" అన్నాడు వాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చాం. వెళ్ళేటప్పుడు అతను మా వాడి మాట ఒక్కటీ రాసుకోలేదు. పుస్తకంలోని లెక్కలు మాత్రం రాసుకున్నాడు. బండిలో ఏం తోలబోతున్నావు నాయనా అని అక్కయ్యే అడిగింది.